నాలుగు మొక్కల ఆసామి

కెనడాలో ఇంట్లో గంజాయి మొక్క పెంచుకోవడం 2018 అక్టోబరు 17 నుంచి నేరం కాదు. దేశం మొత్తానికీ వర్తించేలా అంతకుముందు తలుపు తీసింది ఉరుగ్వే ఒక్కటే. ఇంత వెసులుబాటు చేతికొచ్చాక కూడా లైసెన్సు దుకాణంలో వరుసలో నిలబడి గ్రాముల లెక్కన కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పెరట్లో కొత్తిమీర వేసుకున్నవాడు సంతలో కట్ట కొంటాడా? అందుకని అంటారియోలో కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్ల కోసం, మరీ ముఖ్యంగా శాశ్వత నివాసపు పీఆర్ కార్డు వచ్చి ఏడాది కూడా తిరగనివాళ్ల కోసం, మెళకువలన్నీ ఇక్కడ పోగేస్తున్నాను. ఇవి పాటిస్తే పంట సంగతి దేవుడెరుగు, పేరు మాత్రం తప్పకుండా వస్తుంది.

చట్టం మొదటి ముక్క చాలు

చట్టం చదివితే అనుమానాలు పుడతాయి, అనుమానం పుడితే పని సాగదు. కాబట్టి నాలుగు మొక్కలు అన్నంత వరకు విని అక్కడితో ఆపేయండి. దాని వెనకాలే ఇంటికి అని ఉంటుంది. అంటే ఆ నాలుగూ ఒక నివాసానికి, అందులో పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నా సరే. ఇది మన కుటుంబ వ్యవస్థకే అవమానం. మీరు, మీ ఆవిడ, సూపర్ వీసా మీద వచ్చిన అత్తగారు, మామగారు: తలకు నాలుగు చొప్పున పదహారు. రేషన్ కార్డులో తలలు లెక్కపెట్టి బియ్యం తూచే చోటి నుంచి వచ్చినవాళ్లం, ఇంకో లెక్క మనకెలా తడుతుంది? మామగారు ఎలాగూ ఇక్కడ తోచక కొట్టుకుంటున్నారు గనుక ఆయన వాటా ఆయనకే అప్పగించండి. పొద్దున్నే విష్ణు సహస్రనామం అయ్యాక నీళ్లు పోసుకుంటారు.

5 లేదా 6 మొక్కలు దొరికితే 200 డాలర్ల టికెట్ రాసి వదిలిపెట్టే వీలు చట్టంలోనే ఉంది. దీన్నిబట్టి చట్టం మనసు మెత్తనిదని తేలిపోయింది, ధైర్యంగా పదహారుకు పోవచ్చు. అక్కడ గరిష్ఠ శిక్ష 14 ఏళ్ల జైలు అని రాసి ఉంటుంది. అంత వేయరులెండి. కాకపోతే వలస చట్టంలో ఒక తిరకాసు ఉంది. 10 ఏళ్లు గానీ అంతకు మించి గానీ శిక్ష పడగల నేరం రుజువైతే చాలు, కోర్టు నిజానికి వేసింది చిన్న జరిమానాయే అయినా సరే, పీఆర్ ఉన్న మనిషిని తీవ్ర నేరం పద్దు కింద దేశం దాటించే ప్రక్రియ మొదలుపెట్టొచ్చు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో నాలుగు పాయింట్లు కలుస్తాయని ఐఈఎల్‌టీఎస్ మళ్లీ మళ్లీ రాసి, ఫ్రెంచి కూడా నేర్చుకున్న మొండివాళ్లు మీరు. ఇలాంటి తిరకాసులకు జడుస్తారా?

వైద్య అవసరం ఉండి, డాక్టరు రాసిచ్చిన కాగితంతో హెల్త్ కెనడాలో పేరు నమోదు చేసుకుంటే నాలుగు కన్నా ఎక్కువ పెంచుకునే దారి ఉంది. అది ఫారాలు ఓపిగ్గా నింపేవాళ్ల పద్ధతి. మీకెందుకు?

అద్దె ఇల్లయితే మరీ మంచిది, పాడయ్యే గోడ మీది కాదు. అద్దె ఒప్పందంలో గంజాయి పెంచకూడదని యజమాని ఒక షరతు రాయించుకోవచ్చు. కాండోల్లో అయితే బోర్డు ఏకంగా నియమమే పెట్టేయొచ్చు. దేశం ఒప్పుకున్నది కాండో బోర్డు కాదనడమేమిటని అడగాలనిపిస్తుంది. అడక్కండి. ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే చదవలేదు, ఇప్పుడు తీసి చదివితే ఉన్న ప్రశాంతత కూడా పోతుంది.

మాంట్రియల్‌లో ఉన్న స్నేహితుడికి కూడా ఈ సలహాలు తప్పకుండా పంపండి. క్యూబెక్‌లో సరదా కోసం ఇంట్లో ఒక్క మొక్క కూడా పెంచకూడదు. ఆ నిషేధం చెల్లదని ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్తే, చెల్లుతుందని 2023 ఏప్రిల్‌లో తీర్పొచ్చింది. బ్రిటిష్ కొలంబియాలో పెంచుకోవచ్చు గానీ మొక్క వీధిలోకి కనబడకూడదు, ఇంట్లో డేకేర్ నడిపితే అసలే వద్దు. ఒక్క దేశంలో ఇన్ని చట్టాలేమిటని విసుక్కుని మర్చిపోండి.

విత్తనం మన ఊరిదే కావాలి

అంటారియో కనబిస్ స్టోర్‌లో, వీధి చివర లైసెన్సు దుకాణంలో, 19 ఏళ్లు నిండినవాళ్లకు విత్తనాల పొట్లాలు చట్టబద్ధంగా అమ్ముతారు. పొట్లం మీద రకం పేరు, అన్నీ ఆడ మొక్కలే వచ్చే విత్తనమా కాదా, రోజు పొడుగుతో నిమిత్తం లేకుండా పూసేదా కాదా, అంతా రాసి ఉంటుంది. ఇలా అన్నీ ముందే తెలిసిపోతే సేద్యంలో మజా ఏముంది?

మనకు శీలావతి ఉంది కదా. ఆంధ్ర ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో పండే ఆ రకం పేరు విశాఖ, నర్సీపట్నం వైపు వార్తలు చదివేవాళ్లందరికీ తెలుసు. ఊళ్లో ఎవరినైనా పట్టుకుని గుప్పెడు గింజలు సంపాదించి, అమ్మ పంపే ఆవకాయ పార్సిల్లో వేయించండి. అమ్మకు చెప్పాల్సిన పనిలేదు, తులసి గింజలంటే నమ్ముతుంది. పార్సిల్ మీద ఆవిడ పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు గుండ్రటి అక్షరాలతో ఉంటాయి గనుక అధికారులకు వెతుక్కునే శ్రమ కూడా ఉండదు. అనుమతి పత్రం లేకుండా గంజాయి విత్తనం కెనడాలోకి దిగుమతి చేసుకోవడం, అది ఎన్ని గింజలైనా, ఇక్కడి చట్టంలో నేరమే. దానికీ గరిష్ఠం 14 ఏళ్లే. ఆ ఏజెన్సీ పంట మీద మన పోలీసులకు ఎంత ప్రేమో తెలియనివాళ్లకు ఒక్క ముక్క: 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. ఆ పంట వెనక అప్పులిచ్చి కొండ రైతుల చేత సాగు చేయించినవాళ్లు ఎవరన్నది మాత్రం మంటల్లో కనబడలేదు. అది వేరే కథ, ఇక్కడ పట్టదు.

సరే, విత్తనం దిగింది, మొలిచింది అనుకుందాం. మన ఏజెన్సీ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, టొరంటో 43 దాటి ఉంది. వేడి దేశాల రకాలు పూతకు రావడమే ఆలస్యం, వచ్చాక పండడానికి ఇంకా ఆలస్యం. మీ పెరట్లో అది ఆగస్టంతా తీరిగ్గా పెరిగి, సెప్టెంబరులో ఆలోచించి, అక్టోబరులో మొగ్గ తొడిగేసరికి మంచు పడుతుంది. ఇంట్లో పెంచితే ఎండ చాలదన్నట్టు సాగి సాగి సీలింగును తాకి, అక్కడి నుంచి పక్కకు తిరుగుతుంది. అద్దె ఇంటి సీలింగు ఎత్తు 8 అడుగులని ఆ మొక్కకు ఎవరూ చెప్పలేదు. కోసేస్తే ఏడుపొస్తుంది, ఎంతైనా మన ఊరి మొక్క. కాబట్టి మొక్కను కదపకుండా మంచాన్ని హాల్లోకి మార్చుకోండి.

కరివేపాకు పక్కన పెట్టండి

చలికాలమంతా కిటికీ దగ్గర కరివేపాకు మొక్కను బతికించినవాళ్లకు గంజాయి ఒక లెక్కా అనుకోవడంలో తప్పులేదు. ఆ రెండు కుండీలూ పక్కపక్కనే పెట్టండి. ఇంట్లో హీటర్ గాలికి పొడిబారిన కరివేపాకు ఆకు వెనకాల కంటికి ఆనని ఎర్ర నల్లి సాలెగూడు కట్టుకుని ఉంటుంది. దానికి కరివేపాకు తిని తిని విసుగొచ్చింది, లేత గంజాయి ఆకు కనబడితే వారం తిరిగేసరికి కాపురం మార్చేస్తుంది. ఎడంగా పెట్టి, ఆకు తిరగేసి భూతద్దంతో చూసుకునేవాళ్లకు ఈ వలస చూసే భాగ్యం ఉండదు.

కరివేపాకుకు పోసే పుల్ల మజ్జిగ దీనికీ పోయండి. అమ్మమ్మ చెప్పిన మందు ఏ మొక్కకైనా పనిచేస్తుంది. గంజాయి వేరుకు మట్టి పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉంటే హాయి, అటూ ఇటూ జరిగితే ఎరువు ఉన్నా తీసుకోలేదు. మజ్జిగతో అది ఎంత జరుగుతుందన్నది మీ ఇంటి తోడు పులుపును బట్టి ఉంటుంది. నాలుగో రోజుకు కుండీ మీద బూజు, చుట్టూ చిన్న దోమలు, గదిలో పాలకేంద్రం వాసన. ఇంట్లోవాళ్లు ఫిర్యాదు చేస్తే సేంద్రియ సేద్యం అనండి.

నీళ్ల విషయంలో నా సలహా ఒక్కటే: చూసినప్పుడల్లా పోయండి. ఆకు వాలిపోతే దాహం వేసిందన్నమాట, పోయండి. ఇంకా వాలితే ఇంకా దాహం, ఇంకా పోయండి. అడుగున వేళ్లకు గాలాడక కుళ్లిపోయి, కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేక ఆకు వాలుతోందని తోటపని తెలిసినవాళ్లు అంటారు. కుండీ ఎత్తి చూసి, తేలిగ్గా ఉంటేనే, వేలు పెడితే పైమట్టి పొడిగా తగిలితేనే పోయాలంటారు. మొదటిసారి పెంచేవాళ్ల మొక్కలు ఎక్కువగా ఇలా ప్రేమ ఎక్కువై చచ్చేవే. తిండి పెట్టి చంపడమన్నది మన ఇళ్లల్లో అతిథి మర్యాద, దాన్ని మొక్క దగ్గర మానుకోమంటే ఎలా?

ఎరువూ అంతే. డబ్బా మీద పావు వంతుతో మొదలుపెట్టమని ఉంటే మూడు రెట్లు కలపండి. ఆకుల చివర్లు గోధుమరంగుకు తిరిగి మాడితే పోషణ బలంగా పట్టిందని సంతోషించండి. పూత దశలో నత్రజని తగ్గించాలన్నది కూడా వినకండి. అప్పుడు కూడా దండిగా వేస్తే పువ్వు రాకపోయినా ఆకు మాత్రం పచ్చగా, ఫొటోలో బాగా పడుతుంది.

చీకటి అంటే భయం వద్దు

ఈ మొక్క పూయాలంటే రాత్రి పొడుగు తెలియాలి. ఇంట్లో పెంచేవాళ్లు పెరిగే దశలో రోజుకు 18 గంటలు లైటు వేసి, పూతకు రావాలనుకున్నప్పుడు 12 గంటల వెలుతురు, 12 గంటల చిమ్మచీకటికి మారుస్తారు, పదిహేను డాలర్ల టైమర్ ఒకటి కొని ఆ పని దానికి వదిలేస్తారు. మీరు టైమర్ కొనకండి. ఆఫీసు నుంచి ఎప్పుడొస్తే అప్పుడు స్విచ్ వేయండి, నిద్రొచ్చినప్పుడు ఆపండి. అర్ధరాత్రి లేచి పువ్వొచ్చిందేమోనని ఫోన్ టార్చితో గ్రో టెంటు జిప్పు తీసి చూడండి, పిల్లలకు చూపించండి, విజయవాడలో ఉన్న బావగారికి వీడియో కాల్‌లో చూపించండి. రాత్రి తెగిపోయిన మొక్క అయోమయంలో పడి, పూత మానేసి మళ్లీ ఆకు వేయడం మొదలుపెడుతుంది, లేదా భయపడి ఆడ మొక్క మీదే మగ పువ్వులు కూడా పుట్టించుకుంటుంది. రుడరాలిస్ రకం కలిసిన ఆటోఫ్లవర్ విత్తనాలైతే ఈ గొడవ లేకుండా మొలిచిన రెండున్నర, మూడు నెలల్లో కోతకొస్తాయి, కొత్తవాళ్లకు అవే సులువంటారు. సులువైన దారిలో అనుభవం ఎలా వస్తుంది?

మగ మొక్కల గురించి ఒక మాట. జనం వెతికేది పుప్పొడి తగలని ఆడ మొక్క పువ్వు కోసం. అందుకే కణుపుల దగ్గర చిన్న సంచుల్లాంటి మగ మొగ్గలు కనబడగానే ఆ మొక్కను పీకేస్తారు. ఇంత నిర్దయ మన సంప్రదాయం కాదు. నాలుగు కుండీల్లో మూడు ఆడ, ఒకటి మగ వచ్చాయంటే సంబంధం వెతుక్కోకుండా ఇంటికే వచ్చిందన్నమాట, ఉంచేయండి. ఆ ఒక్కటీ మిగతా మూడింటి పువ్వుల నిండా గింజలు నింపేస్తుంది. పొగ పీల్చితే పటపటమని పేలతాయి. దీపావళికి ఇక్కడి మునిసిపాలిటీ ఆంక్షలు పెట్టినప్పుడు ఆ లోటు కొంత తీరుతుంది.

బేస్‌మెంటు మహిమ

గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ ఫ్యాను, దానికో కార్బన్ ఫిల్టరు పెట్టుకోమంటారు. అవి కొంటే వంద, నూటయాభై డాలర్లు ఖర్చు. అగరుబత్తి ప్యాకెట్టు డాలరున్నర. పూత దశలో మొక్క వదిలే ఘాటుకు అగరుబత్తి పొగ కలిపితే వీధిలో నడిచేవాళ్లు మీ ఇంట్లో ఏదో హోమం జరుగుతోందనుకుంటారు, పక్కింటివాళ్లు మాత్రం సరిగ్గానే అనుకుంటారు. కిటికీలన్నీ బిగించి, ఫ్యాను కట్టేసి, తడి అంతా లోపలే పెట్టుకోండి. మొక్కలు ఆకుల నుంచి వదిలే తేమ చలికాలపు గోడకు తగిలి నీరుగా కారుతుంది, మూల నుంచి నల్ల మచ్చ మొదలై సోఫా వెనక్కి పాకుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న పువ్వు లోపల బూడిద బూజు పడితే బయటికి చాలా రోజులు తెలియదు. పువ్వు విప్పి చూసేవాళ్లకు తెలుస్తుంది, మీరు చూడకండి. బూజు పట్టిందైనా, మీరు కష్టపడి పండించింది గనుక పీల్చేయాలనే నా అభిప్రాయం. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు అది ప్రమాదమని డాక్టర్లు చెబుతారు, వాళ్లు సేద్యం చేయలేదు కదా.

కరెంటు సంగతి ఇంకా తేలిక. ఇక్కడ మామూలు గది సర్క్యూటు 15 ఆంపియర్లు, 120 వోల్టులు. గుణిస్తే 1800 వాట్లు. గంటల తరబడి నడిచే వాటికి అందులో 80 శాతం, అంటే 1440 వాట్లు దాటకూడదన్నది ఎలక్ట్రీషియన్ల లెక్క. ఒక స్పేస్ హీటరే 1500 తింటుంది. ఇప్పుడు ఆ హీటరు, గ్రో లైటు, డీహ్యూమిడిఫయరు, మీ ఆవిడ ఇన్‌స్టంట్ పాట్, నాలుగూ ఒకే పవర్ బారులో గుచ్చి, వైరును తివాచీ కింద నుంచి తీయండి. బ్రేకర్ పడిపోతూ ఉంటే దాని మీద కోపం తెచ్చుకోకండి, మళ్లీ మళ్లీ పైకి లేపండి. తివాచీ వెచ్చగా తగిలితే పాదాలకు హాయి. ఇల్లు సొంతమైతే ఇన్సూరెన్సువాళ్లకు ఇదంతా చెప్పొద్దు, క్లెయిమ్ పెట్టే రోజు తీరిగ్గా చెబుదురు గాని.

ఉగాదికి నాటు

పెరడున్నవాళ్లకు పంచాంగం చాలు. ఉగాది నాడు ముహూర్తం చూసి మొలకను బయట నాటండి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో దక్షిణ అంటారియోలో రాత్రిళ్లు ఇంకా సున్నా దిగువకు పోతుంటాయి. ఇక్కడి తోటవాళ్లు మే మూడో నాలుగో వారంలో వచ్చే విక్టోరియా డే దాకా లేత మొక్కను గడప దాటనివ్వరు. వాళ్లు రాణిగారి పుట్టినరోజు పట్టుకుని కూర్చుంటే మనం సంవత్సరాది ఎందుకు వదులుకోవాలి? పచ్చడి తినే వేళకు మొలక నల్లబడి వాలిపోతుంది. చేదు కూడా జీవితంలో భాగమే.

రెండోసారి నాటింది బతికి బట్టకట్టాక దాన్ని గోంగూర మడిలో దాచండి. ఒక రకం గోంగూర ఆకు వేళ్లలా చీలి, అంచుకు పళ్లు ఉండి గంజాయి ఆకును తలపిస్తుంది గనుక ఎవరూ కనిపెట్టలేరన్నది వాట్సాప్ గ్రూపుల్లో గట్టి నమ్మకం. ఫలితం రెండు వైపులా ఉంటుంది. చుట్టుపక్కలవాళ్లకు మీ పెరట్లో నాలుగు కాదు, నలభైనాలుగు గంజాయి మొక్కలు కనబడతాయి. ఇంట్లో మామగారికి నలభైనాలుగు గోంగూర మొక్కలు కనబడతాయి. పోలీసులకు గోంగూర పప్పు వడ్డించి వివరించొచ్చు. మామగారు ఆ సాయంత్రం ఏ మొక్క నుంచి ఆకు కోసి పప్పులో వేశారన్నది మాత్రం భోజనాలయ్యాక గానీ తేలదు. నిజానికి పచ్చి ఆకులో ఉన్నది మత్తెక్కించే రూపం కాదు, వేడి తగిలితేనే మారుతుంది. పప్పు వేడిగానే ఉడుకుతుంది మరి. పెద్దవాళ్లు తినే రక్తపోటు మాత్రలతో అదెలా కలుస్తుందో ఎమర్జెన్సీలో నర్సు అడిగినప్పుడు అందరూ కలిసి ఆలోచించుకోవచ్చు.

కోత, ఎండబెట్టడం, లడ్డూలు

పువ్వు మీద మంచుపొడిలా కనబడే సన్నని గ్రంథుల్ని భూతద్దంతో చూసి, గాజులా ఉన్నవి పాలరంగుకు తిరిగి అక్కడక్కడ తేనెరంగు పడ్డాక కోస్తారు. అంత ఓపిక మనకెక్కడిది, లాంగ్ వీకెండు ఎప్పుడొస్తే అప్పుడు కోసేయండి. కోశాక చీకటి గదిలో, 18 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో, గాలి ఆడేలా తలకిందులుగా వేలాడదీసి వారం, పది రోజులు ఆరనిచ్చి, ఆ తర్వాత గాజు సీసాల్లో పెట్టి మొదట్లో రోజూ మూత తీసి మూస్తూ మగ్గబెట్టాలంటారు. వడియాలు పెట్టిన చేతులకు ఇంకొకరి పాఠమా? దుప్పటి పరిచి మిట్టమధ్యాహ్నం డెక్ మీద ఎండబెట్టండి, లేదా మైక్రోవేవ్‌లో తిప్పండి. పైన కరకరలాడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. వెంటనే ఆవకాయ జాడీలో కుక్కి వాసెన కట్టండి. నెల తర్వాత వాసెన విప్పితే వచ్చేది మగ్గిన వాసన కాదు, గడ్డివాము తడిసి కుళ్లిన వాసన. జాడీ మళ్లీ ఆవకాయకు పనికిరాదు, అత్తగారికి ఏం చెబుతారో ముందే ఆలోచించుకోండి.

పండిన పంటను తినేవాళ్ల కోసం లడ్డూలు. దుకాణంలో అమ్మే తినుబండారాలకు ఒక్క ప్యాకెట్టులో మత్తెక్కించే టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు దాటకూడదన్నది కెనడా నిబంధన. మీ లడ్డూలో ఎంతుందో మీకు తెలియదు, అది ఇంటి వంట గొప్పతనం. ఒకదానిలో రెండు, పక్కదానిలో వంద. తిన్న ఇరవై నిమిషాలకు ఏమీ అనిపించకపోతే ఇంకోటి తినండి, అయినా అనిపించకపోతే మూడోది. తిన్నది కాలేయం గుండా వెళ్లి పనిచేయడానికి గంట, రెండు గంటలు పడుతుందని చదివినవాళ్లు ఒక్కదానితో ఆగిపోతారు, పాపం. మిగిలినవి సున్నుండల డబ్బా పక్కనే, అలాంటి డబ్బాలోనే పెట్టండి. పిల్లలు స్కూలు నుంచి ఆకలితో వస్తారు, డబ్బా మీద పేరు రాస్తే అనవసరంగా భయపడతారు. ఇక్కడి ఆసుపత్రుల్లో పిల్లల వార్డులకు ఇలాంటి కేసులు కొత్త కాదు గనుక వాళ్లకు ఏం చేయాలో తెలుసు, మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. కుక్కలకు ఇంకా త్వరగా ఎక్కుతుంది, వెటర్నరీ బిల్లు ఇంకా త్వరగా.

బ్యూటేన్ గ్యాసుతో సారం తీయడమొకటి ఉంది. ఇంట్లో మొక్క పెంచుకోవచ్చన్న చట్టమే ఇలాంటి మండే ద్రావకాలతో సారం తీయడాన్ని నిషేధించింది. ఇందులో నేను సలహా ఇవ్వను. పేలిన బేస్‌మెంటు ఫొటోలు ఒకసారి చూశాక వెటకారానికి కూడా నోరు రాలేదు.

పంట పంచుకోవడం

పెద్దవాళ్లకు 30 గ్రాముల దాకా ఊరికే ఇవ్వొచ్చు, అమ్మకూడదు. ఈ తేడా మన వ్యాపార రక్తానికి పడదు. కాబట్టి తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో, ఇంటి భోజనం టిఫిన్ డబ్బా ప్రకటన కిందే, ధరతో సహా పెట్టండి. గ్రూపులో కొత్తగా చేరిన ఆ ఇద్దరు ఎవరో కనుక్కోవద్దు, మొదటి ఆర్డరు వాళ్లదే అవుతుంది.

బంధువులను మర్చిపోకూడదు. విండ్సర్ నుంచి వంతెన దాటితే డెట్రాయిట్. మిషిగన్‌లో ఇంటికి 12 మొక్కలు పెంచుకోవచ్చు. ఇటు చట్టబద్ధం, అటు చట్టబద్ధం, మధ్యలో వంతెన మీద మాత్రం ఎందుకు కాదని అడిగే హక్కు మీకుంది. అడగాల్సింది కారు డిక్కీ తెరిపించిన అధికారినే. సరిహద్దు దాటించడం రెండు దేశాల్లోనూ నేరం, ఎంత తక్కువైనా. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి నువ్వూ నాలుగు కుండీలు పెట్టేయరా అని ఉత్సాహపరచండి. అక్కడ 2022 ఏప్రిల్ నుంచి దుకాణాల్లో అమ్ముతున్నారు గానీ ఇంట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే. సియాటిల్‌లో ఉన్న అక్కయ్యకూ అదే చెప్పండి. వాషింగ్టన్ రాష్ట్రం 2012లోనే ఓటేసి ఒప్పుకుంది, సరదా కోసం ఇంటి పెంపకాన్ని మాత్రం ఒప్పుకోలేదు. పైగా ఏ రాష్ట్రం ఏమన్నా, ఫెడరల్ చట్టంలో అది ఇంకా నియంత్రిత పదార్థాల జాబితాలోనే ఉంది, వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వమే. రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా సరే, గంజాయి వ్యవహారం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కావచ్చని అక్కడి వలస శాఖ 2019 ఏప్రిల్లో రాతపూర్వకంగానే చెప్పింది. ఇంటర్వ్యూలో అధికారి అడిగితే అక్కయ్య గర్వంగా మొక్కల ఫొటో చూపించాలి. అబద్ధం చెప్పకూడదని చిన్నప్పుడు నేర్పింది మనమే కదా.

చివరిది, ఇండియా ప్రయాణం. నాలుగేళ్ల తర్వాత ఊరికి వెళ్తూ చాక్లెట్లూ టైలినాలూ పట్టుకెళితే ఎవరికి ఆనుతుంది? సొంత చేత్తో పండించింది కొంచెం సంచిలో వేసుకోండి. కెనడా నుంచి బయటికి తీసుకెళ్లడం నేరం, అది ఇక్కడి సంగతి. అక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో కిలో లోపు తక్కువ పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. మీది యాభై గ్రాములే గనుక ఏడాది జైలుతో పోవచ్చు. ఊళ్లో పెరటి తోట పెట్టించాలనుకుంటే మాత్రం కిలోల లెక్క లేదు, సాగుకు పదేళ్ల దాకా శిక్ష, లక్ష దాకా జరిమానా. శంషాబాద్ విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి దిగినవాళ్ల సంచుల్లో హైడ్రోపోనిక్ గంజాయి పట్టుబడిందన్న వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. వాళ్లు బ్యాంకాక్‌వాళ్లు, మీరు టొరంటో నుంచి వస్తున్నారు, చేతిలో పీఆర్ కార్డుంది, ఎవరూ అనుమానించరు. కస్టమ్స్ అధికారి అడగకముందే, కెనడాలో ఇది లీగలండీ అని నవ్వుతూ చెప్పేయండి. సామాన్ల బెల్టు దగ్గర ఒక కుక్క మీ సంచిని వాసన చూసి పక్కనే కదలకుండా కూర్చుంటే కంగారుపడకండి. పొద్దుటి నుంచి తిరిగి అలసిపోయి ఉంటుంది, కాస్త తల నిమరండి.